ఓడెక్కించిన కండక్టరు

ఒక ఓడ మీద నుంచి ఇంకో ఓడ మీదకు ఎలా దూకాలో నాకు నేర్పిన మనిషి జన్మలో ఓడను చూడలేదు. సముద్రాన్నీ చూడలేదు. ఆయన చూసిన నీళ్ళన్నిట్లోకీ పెద్దవి నాగార్జునసాగర్ నీళ్ళు. వాటిని కూడా డ్యూటీలో ఉండగా బస్సు కిటికీలోంచి చూశానని చెప్పేవాడు. మాచర్ల డిపోలో కండక్టరు. ఊళ్ళో చిన్నాపెద్దా అందరూ కండక్టరు అనే అనేవాళ్ళు. పేరు నాకు తెలుసు గాని రాయను. రాస్తే వేరే ఎవరి గురించో చెబుతున్నట్టుంటుంది.

పోయిన నెలలో మాచర్ల నుంచి రేడియో మెకానిక్ మస్తాన్ కార్డు రాశాడు. "కండక్టర్ బాబాయ్ పోయారు టీచర్ గారూ. నిద్రలోనే పోయారు. వచ్చే ఆదివారం దినం. మీకు తప్పకుండా కబురు చెయ్యమని పిన్ని మరీ మరీ చెప్పింది." కార్డు చదివి, ట్రంకుపెట్టె తెరిచి, అడుగున మడతపెట్టి ఉన్న నీలం గళ్ళ తువ్వాలు బయటికి తీశాను. అది ఆయనది. ఆరేళ్ళ నుంచి నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంటే మా ఆయన కంగారుపడి, "ఎవరు, దగ్గరి చుట్టాలా?" అని అడిగాడు. అవునన్నాను.

అప్పట్లో నేను మాచర్లలో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేదాన్ని. స్టేషన్ దగ్గర కండక్టరు గారింట్లోనే వెనక గదిలో అద్దెకుండేదాన్ని. ఆయన్ని బాబాయ్ అనీ, ఆయన భార్యను పిన్నీ అనీ పిలిచేదాన్ని. నాన్న పోయాక బాపట్ల వైపు మా ఊళ్ళో ఉన్న అమ్మా, తమ్ముడూ నా మీదే ఆధారపడ్డారు. ఆ బడి చూస్తే ఏ వేసవి సెలవులకు మూసి మళ్ళీ తెరవరో చెప్పలేని స్థితిలో ఉంది. గవర్నమెంటు టీచరు ఉద్యోగం కోసం కళ్ళలో వత్తులేసుకుని ఎదురుచూశాను. తీరా గుంటూరుకు ఇంటర్వ్యూకు రమ్మని కాగితం వస్తే, బస్సెక్కలేకపోయాను.

నవ్వకండి. పెళ్ళిళ్ళ రోజుల్లో మాచర్ల బస్టాండులో గుంటూరు బస్సెక్కినవాళ్ళకు నా బాధ తెలుస్తుంది. బస్సు ఆగకముందే జనం తలుపు మీద పడతారు. కిటికీల్లోంచి సంచులు, పిల్లలు, ఒకసారైతే కోడిపుంజు కూడా లోపలికి వెళ్ళడం నేను చూశాను. నాకు చిన్నప్పటి నుంచీ ఒకరిని తోసుకుని ముందుకు వెళ్ళడం చేతకాదు. సర్టిఫికెట్ల ఫైలు గుండెలకు హత్తుకుని నిలబడ్డాను. మొదటి బస్సు వెళ్ళిపోయింది. రెండో బస్సులో డ్యూటీ బాబాయ్‌దే. ఫుట్‌బోర్డు మీద నుంచి నన్ను చూసి, "రా అమ్మాయ్, రా! ఎక్కు!" అని అరిచాడు. నా ముందు నుంచి పదిమంది ఎక్కారు. డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నా ఆయన రైట్ చెప్పకుండా ఆపి, "ఎక్కావా?" అని అడిగాడు. నేను నేల మీదే ఉన్నాను. తల అడ్డంగా ఊపాను.

ఇంటికి వచ్చి, ఇంటర్వ్యూ వాయిదా పడిందని అందరికీ అబద్ధం చెప్పాను. సాయంత్రం బాబాయ్ డ్యూటీ దిగి వచ్చేసరికి పిన్ని ఆ మాటే ఆయనకు చెప్పింది. "పాపం, అమ్మాయి ఇంటర్వ్యూ వాయిదా పడిందంట." నాకు భూమి బద్దలై లోపలికి పోతే బాగుండుననిపించింది. ఆయన చెప్పులు విప్పుకుంటూ నా వైపు ఒక్క క్షణం చూశాడు. "ఆఁ, అవునంట. గుంటూర్లో కూడా అదే అనుకుంటన్నారు" అన్నాడు. ఆ మాట ఆయన మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. ఇంకోసారి పిలుపు వస్తుందో రాదో తెలియదు, వస్తే మళ్ళీ అదే బస్టాండు. నా బెంగంతా అదే.

ఆ రోజుల్లోనే మస్తాన్ వాళ్ళ అన్న దుబాయ్ నుంచి వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చాడు. ఆయన పనిచేసే ఇంట్లోని తెల్లవాళ్ళు ఊరు వదిలి వెళ్తూ ఇచ్చేశారట. అందులో ఒక ఇంగ్లీషు పుస్తకం, రంగురంగుల పాచికలు ఉన్నాయి. నాలుగు ముఖాలది, పన్నెండు ముఖాలది, ఇరవై ముఖాలది కూడా ఉంది. చదివి పెట్టమని మస్తాన్ నా దగ్గరికి తెచ్చాడు. చదివితే అదొక ఆటని తేలింది. బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక మనిషి వేషం కట్టాలి. లేచి ఆడేదేమీ లేదు, అంతా మాటల్లోనే. ఒకరు కథ నడుపుతారు. ఎదురుగా ఏముందో ఆయన చెబుతాడు, నువ్వేం చేస్తావో నువ్వు చెబుతావు, జరిగిందా లేదా అన్నది పాచిక చెబుతుంది.

"ఇంతేనా? నేను రోజూ చేసేది ఇదే గదా" అన్నాడు బాబాయ్. కథ నడిపే పని అలా ఆయనకే దక్కింది.

ఆదివారం నేను చర్చి నుంచి రాగానే మస్తాన్ షాపు వెనక గదిలో ఆట మొదలయ్యేది. బాబాయ్ ఖాళీ రేడియో డబ్బా మీద కూర్చుంటాడు. చెవి మీద పెన్సిల్, మెడలో ఆ నీలం గళ్ళ తువ్వాలు. పిన్ని మిరపకాయల బుట్ట తెచ్చుకుని తొడిమలు తీస్తూ ఆడేది. ఆ చేత్తోనే పాచికలు వేసేది. ఆ తర్వాత మస్తాన్ అదే పాచిక పట్టుకుని కళ్ళు నలుపుకుని లబోదిబోమనేవాడు. మా ముగ్గురిదీ సముద్రపు దొంగల ముఠా. అందరికన్నా కరకు దొంగ పిన్నే. బాబాయ్ ఓడను బండి అనేవాడు. అలల గురించి చెప్పమంటే, "గురజాల దాటాక రోడ్డు ఎట్టుంటదో అట్టుంది" అనేవాడు. మాకు వెంటనే కడుపులో తిప్పేది.

అంతా బాగానే సాగింది గాని, మా ఓడ శత్రువుల ఓడ పక్కకు చేరాక చిక్కొచ్చింది. ఒక ఓడ మీద నుంచి ఇంకో దాని మీదకు దూకే పద్ధతులు పుస్తకం చివర ఉన్నాయని రాసి ఉంది. ఆ చివరి పేజీలు ఎలుకలు కొట్టేశాయి. మూడు ఆదివారాలు రెండు ఓడలూ పక్కపక్కనే ఊగుతూ ఉండిపోయాయి. నాలుగో ఆదివారం బాబాయ్‌కి కోపమొచ్చింది. "ఏందిది! బండి పక్కనే పెట్టుకుని ఎక్కడం తెలీక కూచుంటామా? ఎవురన్నా వింటే నవ్వుతారు. ఎక్కడం సంగతి నాకొదిలెయ్యండి" అన్నాడు.

మరుసటి వారం నోటుపుస్తకంలో రూళ్ళు రాసుకొచ్చాడు. వాటిలో మొదటిది తువ్వాలు. దూకే ముందు తువ్వాలు అవతలి ఓడ మీదకు విసరాలి. అది ఎక్కడ పడితే ఆ చోటు నీది. ఇక అక్కడ శత్రువు కాలు పెట్టడానికి వీల్లేదు. మస్తాన్ నోరు తెరిచాడు. "బాబాయ్, వాళ్ళు కత్తులు పట్టుకుని ఉన్నారు. తువ్వాలు చూసి ఆగుతారా?"

"ఎందుకాగరు? తువ్వాలు పడ్డ సీట్లో ఇంకోడు కూచోటం ఎక్కడన్నా చూశావా నువ్వు? కొట్టుకుంటారు, తిట్టుకుంటారు, అది వేరే. తువ్వాలు మాత్రం తియ్యరు" అన్నాడు బాబాయ్. ఆయన సర్వీసులో అది సత్యమేనని మేమూ ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఓడ పోయే దిక్కుకే మొహం పెట్టి దూకాలన్నది ఇంకో రూలు. వెనక్కి చూస్తూ దూకినవాడికి పాచికలో అయిదు తగ్గిస్తాడు. కమ్మీ పట్టుకుని వేలాడొచ్చు గాని రెండుసార్లే, మూడోసారి చెయ్యి జారుతుంది. అన్నిట్లోకీ మస్తాన్‌ను ఏడిపించింది దిగేవాళ్ళ రూలు. కత్తి నోట కరుచుకుని దూకబోతున్న మస్తాన్‌ను బాబాయ్ చెయ్యడ్డం పెట్టి ఆపాడు. "ఆగెహె. ముందు దిగేవాళ్ళని దిగనియ్." శత్రువులు ఒక్కొక్కరే నింపాదిగా నిచ్చెన మీదుగా చిన్న పడవలోకి దిగారు. దిగుతూ దిగుతూ బంగారం పెట్టె కూడా దించుకున్నారు.

"పెట్టె పట్టుకుపోతన్నారు బాబాయ్! దొంగలు!" అని మస్తాన్ గోలపెట్టాడు.

"దొంగలైతే మాత్రం సామాను ఒదిలేసి దిగుతారా?" అన్నాడు బాబాయ్.

అందరూ దిగాక మస్తాన్ వీరావేశంతో ఖాళీ ఓడలోకి దూకాడు. పిన్ని నవ్వి నవ్వి బుట్ట తన్నేసింది. మరుసటి ఆదివారం మాత్రం ఆవిడ దూకనే లేదు. ముందే వెళ్ళి కింద పడవలో కూర్చుంది. దిగినవాళ్ళు దిగినట్టు ఆవిడ చేతికి చిక్కారు. "దిగేవాళ్ళు దిగుతారని మీరే గదా చెప్పారు" అంది, తొడిమ తుంచుతూ. బాబాయ్ నోటుపుస్తకం చాలాసేపు తిరగేసి, రూలు ప్రకారం సరిగ్గానే ఉందని తేల్చాడు.

తలా ఒక అట్టముక్క ఉండేది, దాని మీద మా మా దొంగల వివరాలు ఉండేవి. ఒక ఓడెక్కితే బాబాయ్ డిపోలో పనికిరాదని తీసేసిన టికెట్ పంచ్‌తో అట్ట అంచున ఒక చిల్లు కొట్టేవాడు. ఆ పంచ్‌ను మస్తాన్ బాగుచేసిచ్చాడు. అయితే చిల్లు పడాలంటే ఆఖరి రూలు పాటించాలి. అవతలికి చేరినవాళ్ళు నోరు తెరిచి 'ఎక్కాను' అనాలి. అనేదాకా చిల్లు పడదు, ఓడ కదలదు, ఇంకొకరి పాచిక కూడా లేదు. "కళ్ళకు కనపడతా ఉంటే మళ్ళా చెప్పటమేంది?" అని మస్తాన్ విసుక్కునేవాడు. బాబాయ్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "వినపళ్ళా" అనేవాడు.

ఆ రూలు ఎందుకో నాకొక్కదానికే చెప్పాడు, ఒకరోజు అరుగు మీద కూర్చుని. ఉద్యోగంలో చేరిన కొత్తలో దుర్గి దగ్గర ఒక ముసలామె గుడ్ల బుట్టతో బస్సెక్కుతోంది. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద. ఈయన చూశాడు, ఎక్కేసిందనుకున్నాడు, రైట్ చెప్పాడు. ఆమె పడిపోయింది. మణికట్టు విరిగింది. "నన్ను ఒక్క మాట అనలేదమ్మాయ్. పడ్డచోటే కూచుని, గుడ్లు పగిలినయ్యా నాయనా అని అడిగింది" అన్నాడు. అప్పటినుంచి కళ్ళతో చూసింది నమ్మడం మానేశాడు. ప్రతి స్టాపులోనూ "ఎక్కారా?" అని అడిగి జవాబు వచ్చేదాకా ఆగేవాడు. ప్యాసింజర్లు విసుగెత్తి "ఎక్కాం మహాప్రభో!" అని అరిచేవాళ్ళు. ఇంట్లో కూడా అంతే. పిన్ని అటక మీదకు నిచ్చెనెక్కితే కింద నుంచి "ఎక్కావా?" అనేవాడు. "ఎక్కా, ఇంక నోర్ముయ్యి" అనేది ఆవిడ.

మస్తాన్ అట్ట చిల్లులతో జల్లెడైంది. పిన్ని అట్టకూ తక్కువ లేవు. నా అట్ట మాత్రం రాసింది రాసినట్టే ఉంది. నా వంతు వచ్చిన ప్రతిసారీ, "నేను మన ఓడలోనే ఉండి కాపలా కాస్తాను" అనేదాన్ని. ఉత్త మాటల్లో దూకడానికి కూడా నాకు కాళ్ళు ఆడేవి కావు. "నువ్వు దొంగతనానికి వచ్చావా, బట్టలారేసుకోటానికి వచ్చావా?" అని పిన్ని దెప్పేది. బాబాయ్ మాత్రం తొందరపెట్టలేదు. ప్రతి ఆదివారం తువ్వాలు మెడలోంచి తీసి నా ముందు పెట్టేవాడు. నేను వద్దంటే మళ్ళీ మెడలో వేసుకునేవాడు. ఆ రూళ్ళు ఆయన రాసింది ఎవరి కోసమో అప్పుడు నాకు తట్టలేదు. నేను అంత తెలివైనదాన్ని.

వేసవిలో రెండో పిలుపు వచ్చింది. మళ్ళీ పెళ్ళిళ్ళ రోజులే. బాబాయ్ లీవు పెట్టి నాతో బస్టాండుకు వచ్చాడు. "ఏమీ లేదు అమ్మాయ్. బండి పక్కకొస్తది. నీకు రూళ్ళన్నీ తెలుసు" అన్నాడు. తువ్వాలు తీసి చేతికిచ్చాడు.

బస్సు వచ్చింది. జనం విరుచుకుపడ్డారు. నేను మొదటిసారి విసిరిన తువ్వాలు కిటికీ కమ్మీకి తగిలి నా మొహం మీదే పడింది. రెండోసారి లోపలికి వెళ్ళి, ఎవరో పెళ్ళివారి పెద్దాయన తల మీద పడింది. ఆయన తిట్టుకుంటూనే దాన్ని తీసి పక్క సీట్లో పరిచాడు. "చూశావా!" అని బాబాయ్ చిన్నపిల్లాడిలా ఎగిరాడు. దిగేవాళ్ళు దిగారు. తలుపు దగ్గర మళ్ళీ ఆగిపోయాను. వెనక్కి తిరిగి, "తోయండి బాబాయ్" అన్నాను.

"నేను తోస్తే రూలు ఒప్పుకోదు. పోయే దిక్కుకు మొహం పెట్టు" అన్నాడు.

పెట్టాను. ఒకావిడ మోచేతి కింద నుంచి దూరాను, ఎవరి కాలో తొక్కాను, ఎవరో నా జడ లాగారు. జన్మలో మొదటిసారి ఒకరిని తోసేశాను. వచ్చి తువ్వాలు మీద కూలబడేసరికి నా ఫైలు నలిగింది గాని నేను లోపలున్నాను. కింద బాబాయ్ కిటికీ కిటికీ వెతుక్కుంటూ, "ఎక్కావా అమ్మాయ్? ఎక్కావా?" అని అరుస్తున్నాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చి ఆ ఒక్క మాట అనలేకపోయాను. చెయ్యి మాత్రం ఊపాను. బస్సులో కండక్టరు రైట్ చెప్పేశాడు. వెనక్కి చూస్తే ఆయన ఆ దుమ్ములోనే, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఇంటర్వ్యూ అయ్యాక అట్నుంచి అటే సెలవులకు అమ్మ దగ్గరికి వెళ్ళాను. సెలవులు అయ్యేలోపే ఉద్యోగం వచ్చింది. సముద్రం పక్క పల్లెలో పోస్టింగు. మాచర్లలోని సామాను తమ్ముడు వెళ్ళి తెచ్చాడు. తువ్వాలు ఉతికి ఇస్త్రీ చేసి, నేనే స్వయంగా వెళ్ళి ఇద్దామనుకున్నాను. ఇచ్చి, ఇద్దరినీ వెంటబెట్టుకొచ్చి సముద్రం చూపిద్దామనుకున్నాను. ఈ దసరాకి, ఆ వేసవికి అనుకుంటూ ఉండగానే పెళ్ళయింది, పాప పుట్టింది. ఆలస్యమైన కొద్దీ, వెళ్ళకుండా ఉత్త ఉత్తరం రాయడానికి సిగ్గేసింది. అంత చేసిన మనిషికి ఒక్క కార్డు ముక్క రాయలేదు. ఈ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా నా మీద నాకు అసహ్యంగా ఉంది.

దినం నాడు నరసరావుపేటలో బస్సు మారాను. మాచర్ల బస్సు కిటకిటలాడుతోంది. తువ్వాలు విసిరాను. ఒక్క దెబ్బకే సీట్లో పడింది. ఆ దారంతా అది ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను.

పిన్ని నన్ను చూసి ఏడవలేదు. భోజనాలయ్యి చుట్టాలు వసారాలోకి చేరాక మస్తాన్‌ను పిలిచి అట్టపెట్టె తెప్పించింది. నేను తువ్వాలు చేతికిస్తే మడత విప్పకుండా పక్కన పెట్టింది. "ఉద్యోగం వచ్చిందని మీ తమ్ముడు అప్పుడే చెప్పాడమ్మా. ఆయనకి తెలీదని కాదు" అంది.

మస్తాన్ నవ్వబోయి ఆగాడు. "తర్వాత రైళ్ళ మీద వేరే కథ మొదలెట్టాం టీచర్ గారూ. ఓడల కథ మాత్రం బాబాయ్ ముట్టనిస్తేనా! టీచరమ్మ చెప్పందే బండి కదలదన్నాడు."

నోటుపుస్తకం తెరిచి చూపించాడు. రూళ్ళ తర్వాత ఆట ఎక్కడ ఆగిందో బాబాయ్ పెన్సిల్‌తో రాసి పెట్టాడు. 'మస్తాన్ అవతలి బండిలో. మా ఇంటామె పడవలో. టీచరమ్మ తువ్వాలు వేసింది, సీటు దొరికింది, దూకింది. ఎక్కానని ఇంకా చెప్పలేదు. ఆపాను.'

పేజీ మధ్యలో నా అట్ట ఉంది. ఒక్క చిల్లు లేదు.

"ఎక్కాను బాబాయ్" అన్నాను. మాట పెదవి దాటలేదు.

పిన్ని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. "వినపళ్ళా" అంది. అప్పుడు ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎక్కాను!" అని గట్టిగా అన్నాను. వసారాలో కూర్చున్న చుట్టాలు ఉలిక్కిపడి ఇటు చూశారు.

పిన్ని పెట్టెలోంచి పంచ్ తీసి, నా అట్ట అంచున చిల్లు కొట్టింది.